ముప్పై ఐదు అంగుళాల కాలు

వార్‌రోడ్, మిన్నెసోటా
సెప్టెంబరు 14, 2015

అక్కా,

నేను బాగానే ఉన్నాను. చెవులే పూర్తిగా పోయాయి. రంపం మిల్లు ముప్పై ఏళ్ళు తిండి పెట్టింది, బదులుగా ఆ రెండూ తీసుకుంది. మొన్న ఫోన్‌లో నువ్వు తుంటి ఆపరేషన్ అన్నావని రెండు రోజులు అన్నం సహించలేదు. తీరా మీ రెనీ కార్డు రాస్తే తెలిసింది, ఆపరేషన్ మీ పిల్లికట. అందుకే ఇకమీదట ఉత్తరాలే. ఫోన్ చెయ్యకు.

ఇప్పుడు రాస్తున్నది ఒక పని మీద. చలికాలానికి బిబ్స్ కొనాలి, రొమ్ము దాకా వచ్చి భుజాలకి తగిలించుకునే మందపాటి ప్యాంటు. నువ్వు నార్డ్‌బో దుకాణంలో ఉన్నంతకాలం ఊళ్ళో ఎవరికీ ఈ బాధ లేదు. మనిషిని ఎగాదిగా చూసేదానివి, అరలోంచి ఒకటి తీసి బల్ల మీద పడేసేదానివి, అది సరిపోయేది. ఇప్పుడున్న అమ్మాయిని ఏది అడిగినా ఇదే ఎక్కువ పోతోందండీ అంటుంది. ఎక్కడికి పోతోందో చెప్పదు.

నవంబరులో జింకల కోసం కూర్చున్నప్పుడు చప్పుడు చెయ్యకూడదు. జనవరిలో గడ్డ కట్టిన సరస్సు మీద చేపలకి కూర్చున్నప్పుడు కింది తడి పైకి ఎక్కకూడదు. రెండింటికీ ఒకటే కావాలి. తొడుక్కునేటప్పుడు కాలు ఎత్తే పని ఉండకూడదు, పక్క జిప్పులు చీలమండ నుంచి చంక దాకా తెరుచుకుంటే మంచిది. భుజం పట్టీలకి గట్టి బకిల్స్ వద్దు. నడుము ముప్పై ఎనిమిది. కాలు లోపలివైపు ముప్పై ఐదు.

ఆపిల్స్ బాగా కాశాయి. ఎలుగుబంటి వచ్చి కొమ్మలతో సహా తిని పోతోంది.

నీ తమ్ముడు
వెర్లిన్


లాస్ క్రూసెస్, న్యూ మెక్సికో
సెప్టెంబరు 22, 2015

ఒరేయ్ వెర్లిన్,

నీ ఉత్తరం వచ్చేసరికి ఇక్కడ వీధి వీధంతా మిరపకాయలు కాలుస్తున్నారు. కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే చదివాను. రెనీ చూసి ఏమైందమ్మా అని కంగారు పడింది. మీ మావయ్యకి బిబ్స్ కావాలట, అందుకు ఏడుస్తున్నానన్నాను.

రెండింటికీ ఒకటే అడిగేవాళ్ళని ఇరవై ఏడేళ్ళు చూశాను. వేటకి పైబట్ట నూగు నూగుగా మెత్తగా ఉండాలి, తొడలు రాసుకున్నా చప్పుడు రాకూడదు. అలాంటి బట్ట తడిని పీల్చుకుంటుంది. మంచు మీదికి గాలీ నీళ్ళూ దూరని గట్టి బట్ట కావాలి. అది చిప్స్ పొట్లంలా మోగుతుంది. కాబట్టి గట్టి బట్టదే కొను, జింకల రోజుల్లో పైన పాత ఉన్ని ప్యాంటు తొడుక్కో. లోపల ఈకలది వద్దు, తడిస్తే ముద్దయిపోతుంది. మోకాళ్ళకీ పిర్రలకీ నురుగు పలకలు కుట్టినది చూడు. ఒక కొలత పెద్దది తీసుకో, లోపల గాలి నిలవాలి. బిగుతుగా ఉన్న బిబ్స్ ఎంత మందమైనా దండగ.

ఇంకొకటి. నీళ్ళలో తేలే రకం వస్తోంది ఇప్పుడు. అదే కొనాలి. ఇందులో నీ ఇష్టం ఏమీ లేదు. మీ బావ లోవెల్ పోయినప్పుడు అవి ఉండి ఉంటే అన్నది నేను రాయను, నువ్వు చదవకు.

సరే, ఇక అసలు మాట. ముప్పై ఐదు అంగుళాల కాలు ఎవరిదిరా? నీది ముప్పై. నీ ప్యాంట్లన్నీ నేనే మడిచి కుట్టాను. అరవై ఆరేళ్ళకి మనిషి కుంగుతాడు గానీ అయిదంగుళాలు పెరగడు. కాలు ఎత్తకూడదు, బకిల్ వద్దు, మెత్తగా ఉండాలి, ఇన్ని వంకలు మగాడు పెట్టడు. ఎవరో పొడుగావిడ దొరికినట్టుంది. దాచకు.

పెద్దన్నయ్య సంగతి ఉత్తరాల్లో ఎత్తొద్దని పదకొండేళ్ళ కింద చెప్పాను. ఆ మాట నిలబెట్టుకుంటున్నావు. సంతోషం.

ఆర్డిస్


వార్‌రోడ్
అక్టోబరు 3, 2015

అక్కా,

నీ దగ్గర ఏదీ దాగదని మర్చిపోయాను. ఇప్పుడే పేరు రాయలేను, ఆ మనిషి వద్దంటున్నారు. నువ్వేమైనా అనుకో.

తేలే రకం చూశాను. చాలా ఉబ్బుగా ఉంది. ఆ మనిషి ఎక్కువ సేపు కుర్చీలోనే కూర్చుంటారు, ముందు అంత లావుంటే కడుపులో పొడుచుకుంటుంది. నీళ్ళలో పడేంత దూరం మేము వెళ్ళం, భయపడకు. అన్నట్టు ఆ మనిషికి బొటనవేలితో పట్టి లాగడం కుదరదు. జిప్పుకి ఉంగరం లాంటిది ఉంటే వేలు దూర్చి నేను లాగుతాను. వెనకవైపు విప్పుకునే ఏర్పాటు కూడా ఉండాలి, నిలబడటం కష్టం కాబట్టి.

ఈ వారం బాతులు దక్షిణానికి పోయాయి. మీ మీదుగా వెళ్తే చెప్పు.

వెర్లిన్


లాస్ క్రూసెస్
అక్టోబరు 12, 2015

వెర్లిన్,

ఆ మనిషి, ఆ మనిషి! ఆవిడ పేరు రాయడానికి అంత సిగ్గైతే ఆవిడకి బిబ్స్ జిప్పు ఎలా లాగుతావురా?

నీకు నిజంగా సంతోషం చెప్పాలని నాలుగు రోజులుగా కలం పట్టుకుని కూర్చుంటున్నాను. వెక్కిరింపు తప్ప రావడం లేదు. మీ ఆవిడ మోనా పోయాక నువ్వు ఒక్కడివే పెనంలోంచి నేరుగా తింటున్నావని తలుచుకుంటే నాకు ఇక్కడ ముద్ద దిగేది కాదు. కీళ్ళ జబ్బు ఉంటే ఉండనీ. కూర్చుని మాట్లాడటానికి మోకాళ్ళతో పనేముంది?

కేటలాగు తిరగేసి నేనే ఒకటి చూసి తెప్పించాను, నీకే నేరుగా వస్తుంది. ఆడవాళ్ళ పొడుగు రకం. పక్కలు రెండూ పై దాకా తెరుచుకుంటాయి. వెనక సగం జిప్పుతో కిందికి జారుతుంది, పట్టీలు విప్పక్కర్లేదు. బకిల్స్ లేవు, అదుముకునే పట్టీలే. రొమ్ము మీద ఊదారంగు పూలు కుట్టి ఉన్నాయి, అవి లేనిది దొరకలేదు. ఆవిడకి నచ్చకపోతే నా మీద పెట్టు.

ఆవిడని నాకొక ముక్క రాయమను.

ఆర్డిస్


వార్‌రోడ్
అక్టోబరు 24, 2015

అక్కా,

పెట్టె వచ్చింది. ఊదారంగు పూలు ఉన్నాయి.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఆ కాలు డెల్మర్ అన్నయ్యది.

పోయినేడు గేలానికి ముడి వెయ్యలేకపోయాడు. వయసు అనుకున్నాం. ఏప్రిల్‌కి కాఫీ కప్పు జారింది, మేలో గొల్లెం తియ్యలేక బయటే ఉండిపోయాడు. నేను వెళ్ళి చూసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, ఎంతసేపటి నుంచో చెప్పలేదు. ఫార్గో డాక్టరు నరాల జబ్బన్నాడు. కండలకి కబురు అందదట. చేతులయ్యాయి, కాళ్ళు అవుతున్నాయి, తర్వాత గొంతు, ఆఖరికి ఊపిరి. తెలివి మాత్రం చివరి దాకా చెక్కుచెదరదట. మందు లేదు. మే నుంచి నేను ఆయన ఇంట్లోనే ఉంటున్నాను.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. జాలితో వచ్చిన పలకరింపు తనకి అక్కర్లేదన్నాడు. నవంబరులో ఒక్కసారి జింకల కోసం కూర్చోవాలి, మంచు కట్టాక ఒక్కసారి సరస్సు మీదికి వెళ్ళాలి, అంతే ఆయన అడిగేది. ఎవరికీ తెలియకుండా ఎలాంటి బిబ్స్ కొనాలో నిన్ను అడగడం నా ఆలోచన. నువ్వు పొడుగావిడ అన్నప్పుడు కాదనకపోవడం కూడా నాదే తప్పు.

పూలు చూసి అన్నయ్య నవ్వాడు. నెల తర్వాత నవ్వడం. ఆ నవ్వు గొంతుకి అడ్డం పడి ఊపిరి ఆడక నల్లబడిపోయాడు, వీపు చరిచి చరిచి నా చేతులు నొప్పి పుట్టాయి. తేరుకోగానే ఏమన్నాడో తెలుసా? "కాలు కొలత సరిగ్గా ఉంది. దానికి ఇంకా గుర్తుంది." కొలత నేనే రాశానని ఆయనకి చెప్పలేదు.

వెర్లిన్


లాస్ క్రూసెస్
అక్టోబరు 31, 2015

నువ్వు నన్ను మోసం చేశావు. చెవిటివాడివి కదా, అరిచినా వినబడదు, అందుకే రాస్తున్నాను.

నీకు పెళ్ళని ఇక్కడ చర్చిలో అందరికీ చెప్పుకున్నాను.

మార్చిలో సరస్సు మీద పలచబడిన మంచు మీదికి ట్రక్కు తోలొద్దని ఊళ్ళో నలుగురు చెప్పారు. వినకుండా తోలింది ఆయన, పక్కన కూర్చోబెట్టుకున్నది మీ బావని. మంచు విరిగి ట్రక్కు మునిగింది, తను బయటపడ్డాడు. మంచు మీద బోర్లా పడుకుని గునపం చాచానన్నాడు, లోవెల్ చెయ్యి అందలేదన్నాడు. సరే. నేను ఆయన మొహం చూడనన్నాను, చూడలేదు. అందరూ అదే కారణం అనుకున్నారు. నువ్వూ అనుకున్నావు.

ఇంకొకటుంది, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. లోవెల్ ఒంటి మీది బిబ్స్ నేను తెచ్చినవి. ఇనుప కొక్కేల బకిల్స్, నార్డ్‌బోలో అన్నిటికంటే గట్టివి. తేలికవి ఉన్నాయి. గట్టిగా ఉంటాయని ఇవే తెచ్చాను. నీళ్ళలో పడితే బరువెక్కకముందే విప్పెయ్యాలి, అవి చేతి తొడుగుతో రావు, వేళ్ళు కొంకర్లు పోతే అసలు రావు. నాకు తెలుసు. కొన్నవాళ్ళకి నేనే చెప్పేదాన్ని. ఇంట్లో చెప్పలేదు.

అందుకని ఇంకెవరికీ బిబ్స్ ఎంచి ఇవ్వకూడదనుకున్నాను. నువ్వు నా చేత చేయించావు, అదీ ఆయన కోసం.

వాపసు పంపెయ్.

పంపకపోతే, అవి ఆడవాళ్ళ కోత, ఆయనకి పిర్రల దగ్గర వదులై గాలి దూరుతుంది. రెండు పక్కలా రెండంగుళాలు లోపలికి పట్టి కుట్టు. మామూలు దారం ఆగదు.

ఆర్డిస్


వార్‌రోడ్
నవంబరు 11, 2015

అక్కా,

వాపసు పంపలేదు. చేపల దారంతో కుట్టాను. కోడి గీరినట్టు ఉంది గానీ నిలిచింది.

ఏడో తారీఖు పొద్దున వేట మొదలైంది. వేటగాళ్ళ నారింజరంగు చొక్కా పైన తొడిగితే పూలు కనబడలేదు. మనిషిని తొడిగించడానికి నలభై నిమిషాలు పట్టింది. నేలమీద పరిచి, పైన ఆయన్ని పడుకోబెట్టి, రెండు పక్కలా జిప్పులు మూశాను. పసిపిల్లకి గుడ్డ కట్టినట్టుంది అన్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. నాకు ఎలాగూ వినబడదు, పెదవులు చూసి అర్థం చేసుకుంటాను. ఇద్దరికీ సరిపోయింది.

పొలం గట్టున గడ్డి దడి కట్టి, కుర్చీతో సహా లోపల పెట్టాను. తుపాకీ కమ్మీ మీద ఆనించి, ఆయన వేలు మీట మీద నేనే పెట్టాను. ఎనిమిదింటికి మగజింక వచ్చింది, అరవై అడుగుల్లో నిలబడింది. ఆయన గురి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నేను ఆయన వేలు చూస్తున్నాను. అది కదలలేదు. జింక మేసి, తల ఎత్తి, మేసి, నడుచుకుంటూ పోయింది. నేను నొక్కనా అని కూడా అడగలేదు. అడిగితే జన్మలో మాట్లాడేవాడు కాదు.

అది కాదు నేను రాయదలచుకున్నది. నలభై నిమిషాలకే ఆయన పెదవులు నీలంగా అయిపోయాయి. చలి అంత లేదు, నేను మామూలు ప్యాంటులో ఉన్నాను. అంత మందం బిబ్స్‌లో మనిషి ఎలా వణుకుతాడు? ఆర్డిస్ కావాలనే చల్లటివి పంపింది అన్నాడు.

ఏం చెయ్యాలో చెప్పు.

వెర్లిన్


లాస్ క్రూసెస్
నవంబరు 19, 2015

వెర్లిన్,

కావాలనే పంపానా? ఆ మాట నువ్వు ఉత్తరంలో ఎక్కించావు కూడానా? ఆయన నోటికి అదుపు ఎప్పుడూ లేదు, రాసే చేతికైనా ఉండాలి.

రెనీ చదివి, అది వేళాకోళం అమ్మా, పెద్ద మావయ్య ఎప్పుడూ అలాగే కదా అంది. అయ్యుండొచ్చు. పదకొండేళ్ళు వినకపోతే వేళాకోళం ఏదో, నిజం ఏదో గుర్తుండదు.

చలి గురించి అడిగావు. బిబ్స్ వేడి పుట్టించవురా. ఒంట్లో పుట్టిన వేడిని బయటికి పోనివ్వవు, అంతే వాటి పని. నడిచేవాడు, ఐసు తొలిచేవాడు, కనీసం కాళ్ళు తాటించేవాడు వేడి పుట్టిస్తాడు. కండ కదలకపోతే లోపల దాచడానికి ఏమీ ఉండదు. ఖాళీ కుండ మీద మూత పెట్టినట్టు. ఇంతకంటే మందమైనవి పంపినా అంతే. నాకు తెలిసిన విద్య ఇక్కడితో అయిపోయింది. మనిషికి ఏది సరిపోతుందో చెప్పగలిగేదాన్ని, ఇప్పుడు చెప్పడానికి ఏమీ లేదు.

ఒకటి అడుగుతాను. ఆయనకి మాట పూర్తిగా పోకముందు అడుగు. ఆ రోజు నీళ్ళలో లోవెల్ బకిల్ తీసుకోగలిగాడా? ఒక్కటైనా వచ్చిందా? మీ బావ మళ్ళీ దొరకలేదు, చెప్పగలిగేది ఆయనొక్కడే. ఇన్నేళ్ళూ అడగలేదు, అడిగితే తెలిసిపోతుందని. ఆయన ఏమంటే అది, ఆ మాటల్లోనే రాయి. మెత్తగా చెయ్యకు.

ఆర్డిస్


వార్‌రోడ్
డిసెంబరు 13, 2015

అక్కా,

ఆలస్యమైంది. నీ ఉత్తరం వచ్చిన రోజు అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. థాంక్స్‌గివింగ్ పండగ అక్కడే జరిగింది. నర్సు మెత్తగా నలిపిన బంగాళాదుంప తెచ్చింది, అది కూడా దిగలేదు. ఇప్పుడు కడుపులోకి గొట్టం పెట్టారు. ఇంటికి తెచ్చాను. మాట పోయింది. నువ్వు అడగమన్నది అడగడానికి వారం ఆలస్యం అయిపోయింది.

నర్సు ఒక గాజులాంటి పలక ఇచ్చింది, దాని మీద అక్షరాలుంటాయి. నేను ఒక్కొక్కటే వేలితో చూపించుకుంటూ పోతాను, కావలసిన దగ్గర ఆయన కళ్ళు మూస్తాడు. మంచినీళ్ళు అనే మాటకి పావుగంట పడుతుంది. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. కావాలనే పంపానా అన్న ముక్క కూడా. దానికి కళ్ళతో నవ్వాడు. ఆ తర్వాత బకిల్ సంగతి చదివాను. కిటికీ వైపు చూశాడు. ఆ రోజు పలక వద్దన్నాడు. మర్నాడు కూడా వద్దన్నాడు. మూడో రోజు తనే పలక వైపు చూశాడు.

గంటన్నర పట్టింది. మధ్యలో నేను తప్పు అక్షరం రాసుకుంటే ఒప్పుకోలేదు, మళ్ళీ మొదటినుంచి చెప్పించాడు. ఆయన చెప్పింది ఇంతే.

"చూడలేదు. పరిగెత్తాను."

గునపం సంగతి అడిగాను. కళ్ళు మూయలేదు. తెరిచే ఉంచాడు. కాదన్నదానికి అదే గుర్తు.

మెత్తగా చెయ్యొద్దన్నావు కాబట్టి అలాగే రాశాను. ఇంతవరకు రాసి మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. పోస్టు చెయ్యకపోతే బాగుండునని ఒకసారి, చెయ్యకపోతే నేను ఆయన కంటే ఏం నయం అని ఒకసారి. అన్నయ్య పొద్దున్నే నా జేబు వంక చూస్తున్నాడు.

సరస్సు ఇంకా గడ్డ కట్టలేదు. ఇంత వెచ్చటి డిసెంబరు నేను చూడలేదు.

వెర్లిన్


లాస్ క్రూసెస్
డిసెంబరు 30, 2015

వెర్లిన్,

నీ ఉత్తరం పంతొమ్మిదిన అందింది.

 బకిల్ సంగతి ఇక ఎవరికీ తెలియదు. చూసినవాడే లేడు. మీ బావ ఒక్కడే ఉన్నాడు అక్కడ.

క్రిస్మస్ రోజు రెనీ అడిగింది, మావయ్యని క్షమించావా అని. ఆ మాట పెద్దది, నాకు చేత కాదు. పరిగెత్తినవాడు పరిగెత్తానని చెప్పడానికి కళ్ళతో గంటన్నర కష్టపడ్డాడు. అది చదివిన దగ్గర్నుంచి నాకు కోపం సరిగ్గా నిలవడం లేదు. కోపం లేకపోతే ఏముంటుందో అలవాటు లేదు.

ఇప్పటి కొలతలు పంపు. అన్నీ. కూర్చోబెట్టి కొలువు.

ఆర్డిస్


వార్‌రోడ్
జనవరి 8, 2016

అక్కా,

కొలిచాను. నడుము ముప్పై. తొడ నా ముంజేయి కంటే కొంచెం లావు. ఛాతీ ముప్పై నాలుగు. కాలు మాత్రం ముప్పై ఐదే. అది ఎక్కడికి పోతుంది?

టేపు పట్టుకున్నంతసేపూ నన్నే చూశాడు. ఎవరికని పలక మీద అడిగాడు. నీ పేరు చెప్పాను. ఇంకేమీ అడగలేదు, కొలవడం అయ్యేదాకా కదలకుండా ఉన్నాడు అని రాయబోయాను. కదలడం ఎక్కడిది.

సరస్సు గడ్డ కట్టింది. ఒడ్డు దగ్గర పదంగుళాలు. మనుషులు నడుస్తున్నారు, ట్రక్కులు లేవు.

వెర్లిన్


లాస్ క్రూసెస్
జనవరి 19, 2016

వెర్లిన్,

పెట్టె విప్పగానే ఇదేం బిబ్స్ అనకు. దీనికి కాళ్ళు లేవు. నడవని మనిషికి రెండు గొట్టాలు ఎందుకని రాత్రీ పగలూ ఆలోచించి ఒకటే సంచిగా కుట్టాను. రెండు కాళ్ళూ ఒకదానికొకటి ఆనుకుంటే ఉన్న కాస్త వేడీ పంచుకుంటాయి. పైన మామూలుగానే రొమ్ము దాకా వస్తుంది, వీపు ఎత్తుగా పెట్టాను, కుర్చీకీ నడుముకీ మధ్య గాలి దూరకుండా. ముందు నుంచి పుస్తకంలా తెరుచుకుంటుంది. లోపల నాలుగు జేబులున్నాయి, తొడల పక్కన రెండు, పాదాల దగ్గర ఒకటి, నడుము వెనక ఒకటి. వాటిలో వేడినీళ్ళ రబ్బరు సంచులు పెట్టు. గుడ్డ చుట్టి పెట్టు, ఆయన కాలితే చెప్పలేడు. ఒంట్లో పుట్టని వేడి బయటినుంచి పెట్టాల్సిందే. ముందే తట్టాల్సింది నాకు.

బట్ట ఇక్కడ దొరకలేదు. ఈ ఊళ్ళో మందం బట్ట అడిగితే సోఫాకా అంటారు. గుడారాల వాళ్ళ దగ్గర పైబట్ట, రెండు దుప్పట్లు చీల్చి లోపలిది. రెనీ కుట్టుమిషను సూదులు ఆరు విరిగాయి.

ఇరవై నిమిషాలు. ఎక్కువ ఉంచకు. గాలి లేని రోజు చూడు.

ఆర్డిస్


వార్‌రోడ్
ఫిబ్రవరి 13, 2016

అక్కా,

అన్నయ్య తొమ్మిదో తారీఖున పోయిన సంగతి నర్సు రెనీకి ఫోన్‌లో చెప్పింది. నేను చెప్పగలిగేవాణ్ణి కాదు, నువ్వు ఏడిస్తే వినబడేది కాదు. మిగతాది రాస్తున్నాను.

జనవరి ముప్పైన వెళ్ళాం. గాలి లేదు, ఎండ కాసింది. సంచిలో మూసి, చెక్కబండి మీద పడుకోబెట్టి, ఒడ్డు నుంచి మూడు వందల అడుగులు నేనే లాగాను. ఎంతో బరువు లేడు. మంచు మీద వేసే చేపల గుడిసె వద్దన్నాడు, ఆకాశం కనబడాలన్నాడు. రంధ్రం తొలిచి గేలం వేశాను. దారం ఆయన ఎక్కడ పట్టుకుంటాడు? చెంపకి ఆనించి, టోపీ అంచు కింద నుంచి పోనిచ్చాను. చర్మానికి మాత్రం అన్నీ తెలుస్తాయి.

పదినిమిషాలకి నేను ఎటో చూస్తున్నాను. ఆయన్ని చూసేసరికి కళ్ళు టపటప కొట్టుకుంటున్నాయి. చలేమో అనుకుని సంచిలో చెయ్యి పెట్టి చూశాను, లోపల పొయ్యి పక్కన ఉన్నట్టుంది. అప్పుడు చూశాను, చెంప మీద దారం గుంజుతోంది. లాగాను. పెద్ద వాలై చేప, మోచేతి దాకా ఉంటుంది. ఆయన ముందు పెట్టాను. దాన్ని చూసి, నన్ను చూసి, రంధ్రం వైపు చూశాడు. మళ్ళీ నీళ్ళలో వదిలేశాను.

ఇరవై నిమిషాలయింది, వెళ్దామా అన్నాను. కళ్ళు తెరిచే ఉంచాడు. ముప్పైకి అడిగాను. అప్పుడూ తెరిచే ఉంచాడు. నలభై అయిదు నిమిషాలు ఉంచాను, అక్కా. సంచి వేడిగానే ఉంది. కానీ మొహం, ముక్కు, పీల్చే గాలి, వాటికి సంచి లేదు కదా. రెండో తారీఖున జ్వరం వచ్చింది. మళ్ళీ నెమ్ము. ఆసుపత్రి వద్దన్నాడు, పలక మీద ఆ ఒక్క మాటకి నేను అక్షరాలు చూపించడం పూర్తి కాకముందే అర్థమైంది. వారం పట్టింది. మధ్యాహ్నం పూట పోయాడు, పక్కనే ఉన్నాను.

నువ్వు ఇరవై నిమిషాలన్నావు. నేను ఇరవైకే తెచ్చేసి ఉంటే ఇంకా ఉండేవాడా? డాక్టరు ఎలాగూ వచ్చేదేనంటాడు. వాళ్ళు అలాగే అంటారు. నువ్వు చెప్పు, నువ్వు మెత్తగా చెప్పవు.

భూమి రాయిలా ఉంది, ఖననం మే నెలలో. అప్పటికి వస్తే చాలు.

వెర్లిన్


లాస్ క్రూసెస్
ఫిబ్రవరి 20, 2016

వెర్లిన్,

ఉండేవాడో లేడో నాకు తెలియదు. నిజంగానే తెలియదు. ఇరవై అన్న అంకె కూడా నేను ఊరికే వేసింది. ముప్పై అని రాసి కొట్టేసి ఇరవై వేశాను. దాన్ని పట్టుకుని నువ్వు కొట్టుకోకు. కొట్టుకుంటావు, నాకు తెలుసు, ఆపడం నా వల్ల కాదు. పదకొండేళ్ళు నన్ను ఎవరూ ఆపలేకపోయారు.

ఖననం మేలో అయితే మేలోనే వెళ్ళొచ్చు కదా అని రెనీ అంటోంది. మేకి మంచు కరిగిపోతుంది. నేను మంచు ఉండగా రావాలి. లోవెల్ పోయిన చోటు నేను చూడలేదు, ఒడ్డు నుంచే వెనక్కి తిప్పి తీసుకెళ్ళిపోయారు. ఆ చోటు నీకు తెలుసు, వెతకడానికి దిగినవాళ్ళకి నువ్వు ఆ రోజు తాడు పట్టుకున్నావు. ఇప్పుడు నన్ను తీసుకెళ్ళు. అక్కడి నుంచి ఒడ్డుకి ఎంత దూరమో నడిచి చూడాలి. మనిషి ఎంతసేపు పరిగెత్తితే వస్తుందో చూడాలి. చూసి ఏం చేస్తానో తెలియదు.

గురువారం రైలెక్కుతున్నాను, షికాగోలో మారి ఆదివారం పొద్దున గ్రాండ్ ఫోర్క్స్‌లో దిగుతాను. నువ్వే రావాలి, పేరు పెట్టి పిలిచినా నీకు వినబడదు కాబట్టి నేను ఎర్ర స్కార్ఫ్ కట్టుకుంటాను.

నా దగ్గర చలి బట్టలు ఒక్కటీ లేవు. ఈ ఊరు వచ్చేటప్పుడే అన్నీ పంచిపెట్టేశాను. వస్తూ నార్డ్‌బోలో ఆగు. నడుము నలభై రెండు, కాలు ఇరవై ఏడు. పక్క జిప్పులుండాలా, తేలేది కావాలా, బకిల్స్ ఎలాంటివి అని అడక్కు. కేటలాగు ముందు పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను, ఏ పేజీ తిప్పినా ఏదీ తోచలేదు. ఆ అమ్మాయిని అడుగు. ఏది ఎక్కువ పోతోందంటే అదే తీసుకురా.

అక్క